ముసలమ్మ కట్టకు రాని చదువు

పరదేశంలో చదువుకుని ఇంటికి తిరిగి వచ్చినవాడి కథ మన సాహిత్యంలో ఎప్పుడో ఒక మూసలో పడిపోయింది. అతడికి వీధి ఇరుకుగా కనిపిస్తుంది. బంధువుల ప్రశ్నలు విసుగు పుట్టిస్తాయి. కొన్నాళ్లకు తల్లి చేతి ముద్ద మళ్లీ రుచిస్తుంది, లేదా ఎన్నటికీ రుచించదు. రుచిస్తే కథ సుఖాంతం, రుచించకపోతే విషాదాంతం. ఎటు ముగిసినా కొలబద్ద ఒక్కటే: వచ్చినవాడి మనసు కుదుటపడిందా లేదా? ఊరు అతడికి సరిపోయిందా లేదా? అతడి చదువు ఊరికి ఏ పాటి సరిపోయిందన్న ప్రశ్న మాత్రం కథ పొలిమేర దాటి లోపలికి రాదు.

మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు ఓడెక్కి సీమకు పోవడం, దారి పొడుగునా నవ్వులపాలు కావడం తెలియని తెలుగు చదువరి లేడు. ఆ నవల అక్కడితో ఆగలేదు. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన తక్కిన భాగాల్లో పార్వతీశం స్వదేశానికి తిరిగి వస్తాడు, కోర్టుకు పోతాడు, సంసారి అవుతాడు, స్వాతంత్ర్యోద్యమంలోకి నడుస్తాడు. కానీ పాఠకలోకం గుండెలో పెట్టుకున్నది ఓడెక్కిన పార్వతీశాన్ని. ఓడ దిగిన పార్వతీశం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. దీన్ని పాఠకుల అభిరుచి అని కొట్టిపారెయ్యలేము. పోవడంలో వింత వుంది, వింతను చూసి నవ్వవచ్చు. తిరిగి రావడంలో లెక్క వుంది, లెక్క అప్పజెప్పాలి. లెక్క అప్పజెప్పే ఘట్టం వచ్చేసరికి చదువుకున్న వర్గం పుస్తకం మూసేస్తుంది.

ఈ లెక్క చూడటానికి అనంతపురం పీఠభూమి కంటే నిక్కచ్చి అయిన చోటు తెలుగునాట మరొకటి లేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ముందే పిండుకుంటాయి. ఈశాన్య రుతుపవనం ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోయి వుంటుంది. పై పొర పలచని ఎర్రమట్టి, కింద బండ. ఉన్న నాలుగు వానలూ నాలుగు రోజుల్లో కురిసి పారిపోతాయి కనక, ఆ నీటిని కట్ట వేసి నిలిపిన చోటే ఊరు నిలిచింది. ఇక్కడ చెరువు కట్ట అంటే దేవాలయ గోపురం లాంటి అలంకారం కాదు. ఊరి ఆర్థిక వ్యవస్థ అంతా ఆ మట్టికట్ట వెనక వుంటుంది. ఇలాంటి చోట ఒక చదువు విలువ ఎంతో తెలియాలంటే, అది కట్ట దగ్గరకు వచ్చిందా లేదా అని చూస్తే చాలు.

చూడటానికి మనకొక గొప్ప ఉదాహరణ వుంది. గొప్ప మనిషి కనకనే ఉదాహరణగా పనికివస్తాడు. కట్టమంచి రామలింగారెడ్డి 1880లో చిత్తూరు పక్క కట్టమంచిలో పుట్టాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివే రోజుల్లో, ఇరవై ఏళ్లు నిండకముందే, 'ముసలమ్మ మరణము' రాశాడు. 1900లో అచ్చయిన ఆ చిన్న కావ్యాన్ని ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి గడపల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. కథాస్థలం అనంతపురం పట్నాన్ని ఆనుకుని వున్న బుక్కరాయసముద్రం. విజయనగర కాలపు చెరువు అది. కథకు ఆధారం బ్రౌన్ దొర సేకరించి అచ్చువేయించిన అనంతపురం చరిత్ర. చెరువు నిండి కట్ట తెగబోతుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే గండి నిలుస్తుందని దైవం మాటగా వినపడుతుంది. ఆమె అత్తమామలకూ భర్తకూ బిడ్డకూ సెలవు చెప్పి నీళ్లలోకి నడిచిపోతుంది. కట్ట నిలుస్తుంది. ఇవాళ్టికీ ఆ కట్టను ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు.

ఈ కావ్యంలో కొత్తదనం ఏమిటో మన విమర్శకులు సరిగ్గానే చెప్పారు. రాజు లేడు, రాణి లేదు. ఒక రైతు కోడలు కావ్యనాయిక అయింది. ప్రబంధాల శృంగార వర్ణనలు పోయి మరణం వస్తువు అయింది. విషాదాంతాన్ని దోషంగా ఎంచే సంప్రదాయంలో విషాదాంత కావ్యం రాయడం సాహసమే. ఇంత వరకూ ఒప్పుకుందాం. కానీ వస్తువు కొత్తదైనంత మాత్రాన దృక్పథం కొత్తదవుతుందా?

కావ్యం అడగని ప్రశ్నలు చూడండి. కట్ట ఎందుకు తెగబోయింది? ఊరంతటికీ వచ్చిన ఆపదకు ఒక ఇంటి చిన్నకోడలే ఎందుకు మూల్యం చెల్లించాలి? ఆయకట్టు భూములు ఎవరివి, ప్రాణం ఎవరిది? ఇంట్లో అందరికంటే తక్కువ మాట చెల్లేది చిన్నకోడలికి. దేవత సరిగ్గా ఆమెనే కోరడం కాకతాళీయం కాదు. సరిహద్దుకు అవతల కన్నడ జానపదుల్లో 'కెరెగె హార' అనే పాట వుంది. అక్కడ కొత్తగా తవ్విన చెరువులో నీళ్లు పడవు. బలి కావలసింది మళ్లీ చిన్నకోడలే, పేరు భాగీరథి. ఆ పాటలో సైన్యం నుంచి తిరిగి వచ్చిన భర్త సంగతి తెలిసి అదే చెరువులో ప్రాణం విడుస్తాడు. ఈ పీఠభూమి అంతటా, భాష మారినా, ఒకే కథ నడిచిందంటే దాని వెనక ఒకే సంఘ నియమం నడిచిందన్న మాట. చెరువు అందరిదీ, చావు చిన్నకోడలిదీ. కట్టమంచివారి కావ్యం ఆ నియమాన్ని చూసి కన్నీరు పెట్టుకుంది. దాన్ని నిలదీయలేదు. త్యాగం అని పేరు పెట్టి దానికి కొత్త శోభ తెచ్చింది.

ఇరవై ఏళ్లు నిండని కవిని ఇందుకు తప్పుపట్టడం అన్యాయం. మన ప్రశ్న ఇక్కడ మొదలు కాదు, ఆయన తిరిగి వచ్చిన తర్వాత మొదలవుతుంది. 1902లో ప్రభుత్వ విద్యార్థివేతనం మీద రామలింగారెడ్డి కేంబ్రిడ్జి వెళ్లాడు. సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివాడు. విద్యార్థి సంఘం యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యాడు. తిరిగి వచ్చి బరోడా కళాశాలలో అధ్యాపకుడయ్యాడు, తర్వాత మైసూరు మహారాజా కళాశాలకు వచ్చాడు, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యాడు. తెలుగులో అర్థశాస్త్రం మీద గ్రంథం రాశాడు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' ప్రచురించి తెలుగు విమర్శను కుదిపేశాడు. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను తీసుకుని, కథలో ఐక్యం వుందా, పాత్రలో జీవం వుందా, కల్పన హేతువుకు నిలుస్తుందా అని అడిగాడు. ప్రబంధ కవులను అలా అడగవచ్చునని పండితలోకం అంతకుముందు ఊహించలేదు.

అంటే 1914 నాటికి ఒకే మనిషి దగ్గర మూడు వస్తువులు వున్నాయి: అనంతపురం చెరువు కట్ట మీద రాసిన కావ్యం, కవిత్వాన్ని హేతువుతో పరీక్షించే విమర్శ, సంపద ఎలా పుడుతుందో ఎలా పంపకమవుతుందో చెప్పే అర్థశాస్త్రం. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయా? లేదు. విమర్శ సూరనను పరీక్షించింది, ముసలమ్మను పరీక్షించలేదు. అర్థశాస్త్రం వేరే అలమరలో వుండిపోయింది. కవి మళ్లీ కలం పట్టినప్పుడు 'నవయామిని' అనే ప్రణయ కావ్యం రాశాడు, కట్ట దగ్గరకు రాలేదు.

వచ్చి వుంటే ఏం కనపడేది? చరిత్ర, అర్థశాస్త్రం చదివిన కళ్లకు గండి దైవాగ్రహంగా కనపడదు. దత్తమండలాల్లో చెరువు బాగోగులు చూసేందుకు దశబంధం మాన్యాలు వుండేవి. తూము తెరిచి మూసే నీరుగంటి వుండేవాడు. ఊరంతా కలిసి పూడిక తీసే ఆచారం వుండేది. 1800లో ఈ జిల్లాలు కంపెనీ చేతికి వచ్చాయి. మన్రో కలెక్టరుగా రైతువారీ పద్ధతిని ఇక్కడ అమలు చేశాడు. శిస్తు కట్టే రైతు ఒక్కొక్కడుగా ప్రభుత్వానికి ఎదురు నిలబడ్డాడు. ఉమ్మడి కట్టకు ఉమ్మడి పూచీ సన్నగిల్లింది. 1876–78లో వచ్చిన ధాత, ఈశ్వర కరువు ఈ నేలను తుడిచిపెట్టింది. రామలింగారెడ్డి పుట్టింది ఆ కరువు ముగిసిన రెండేళ్లకు. ఆయన కావ్యాన్ని మొదట చదివినవాళ్లలో ఆ కరువును కళ్లారా చూసినవాళ్లు ఎందరో వుండి వుంటారు. వాళ్లకు ఆ కావ్యం చెప్పింది: కట్టను నిలిపేది పతివ్రత ప్రాణం. కేంబ్రిడ్జి నుంచి వచ్చిన చదువు చెప్పవలసింది: కట్టను నిలిపేది మట్టి, మనుషుల శ్రమ, మాన్యం తిన్నవాడి బాధ్యత. ఆ రెండో మాట చెప్పడానికి కావలసినదంతా ఆయన దగ్గర వుంది. చెప్పే అవసరం ఆయనకు కలగలేదు.

విదేశం నుంచి వచ్చినవాడు స్వదేశంలో ఇమడకపోవడం అంటే నా దృష్టిలో ఇదీ. రామలింగారెడ్డికి స్వదేశంలో ఇమడటంలో ఏ లోటూ లేదు. కొలువులు దొరికాయి, గౌరవం దొరికింది, పద్యం నాలుక మీదనే వుంది. ఇమడనిది ఆయన చదువు. అది బరోడాలో, మైసూరులో, వాల్తేరులో కాపురం పెట్టింది. బుక్కరాయసముద్రంలో దిగలేదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: విశ్వవిద్యాలయం నిర్మించినవాణ్ణి, 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఉపాధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చినవాణ్ణి ఇలా అడగటం ధర్మమా? ఆ సేవను ఎవరూ కాదనలేరు. కానీ సేవకు చేసే నమస్కారం వేరు, సాహిత్యాన్ని పరిశీలించడం వేరు. ఆ తేడాను మనకు నేర్పినదే 'కవిత్వతత్త్వ విచారము'. రెండవది: కవిని నీటిపారుదల నివేదిక రాయమంటారా? అనం. కవిని కవిగానే అడుగుతున్నాం. కట్ట ఎందుకు తెగుతోందన్నది ఆ కావ్యానికి బయటి ప్రశ్న కాదు, కథను నడిపించే ప్రశ్నే అది. దానికి దైవవాణి జవాబు ఇచ్చింది కనక పాత్రలకు ఎదురు తిరిగే అవకాశం పోయింది, కావ్యం ఒకే రసంలో మునిగింది. దృక్పథంలోని లోటు శిల్పంలోని లోటుగా బయటపడింది.

పరదేశం నుంచి వచ్చిన చదువు నిజంగా చెరువు దగ్గరకు వస్తే ఎలా వుంటుందో తెలుసుకోవడానికి అదే బరోడాకు పోదాం. రామలింగారెడ్డి అధ్యాపకుడిగా గౌరవం పొందిన ఆ ఊరికే, పదేళ్లు గడవకముందే, మరో విద్యావంతుడు పరదేశం నుంచి వచ్చాడు. బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన అంబేద్కర్ 1917లో అక్కడ ఉద్యోగంలో చేరాడు. అతడికి తల దాచుకోవడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని వుంటే, కులం తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ అవమానాన్ని తానే రాసుకున్నాడు. ఇద్దరూ సముద్రాలు దాటి చదివినవాళ్లే, ఇద్దరూ అర్థశాస్త్రం తెలిసినవాళ్లే. ఒకరికి ఊరు గొడుగు పట్టింది, మరొకరికి తలుపు మూసింది. తిరిగి వచ్చినవాడి మానసిక సంఘర్షణ అని మనం గంభీరంగా మాట్లాడే మాటలో ఈ కులం గొడవ ఎంతవుందో ఎప్పుడైనా లెక్కవేశామా? తల్లి చేతి ముద్ద గురించి బెంగపడటానికి కూడా ముందు ఊళ్లో చోటు వుండాలి.

ఆ తలుపు ముందు నిలబడ్డ చదువు ఏం చేసింది? 1927 మార్చి 20న మహద్‌లో వేలమందితో కలిసి చౌదార్ చెరువుకు నడిచింది. దోసిలితో నీళ్లు తీసుకుని తాగింది. కొలంబియాలో, లండన్‌లో నేర్చిన చట్టమూ చరిత్రా అర్థశాస్త్రమూ ఆ దోసిలిలో కలిశాయి. చెరువు ఎవరిది అన్న ప్రశ్నను ముసలమ్మ కావ్యం అడగలేకపోయింది. మహద్ అడిగింది. ఒక చదువు స్వదేశానికి తిరిగి వచ్చిందని దేన్ని చూసి చెప్పాలో ఇంతకంటే స్పష్టంగా చూపే ఘటన మన దేశ చరిత్రలో కనపడదు.

ఇక్కడొక న్యాయం పాటించాలి. మహద్ జరిగిన మరుసటి ఏడాది, 1928లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. అప్పుడు ఉపాధ్యక్షుడు రామలింగారెడ్డే. పండితులు కవిగా లెక్కపెట్టని వేమనను, ఈ జిల్లా కటారుపల్లెలోనే సమాధి వున్న వేమనను, కవిగా నిలబెట్టి పరిశీలించిన ఉపన్యాసాలవి. వేమన పద్యాలను మొదట వెతికి అచ్చుకెక్కించింది కూడా బ్రౌనే. పరాయివాడు పోగుచేసిపెట్టిన సొత్తును ఇంటివాడు వందేళ్లకు గుర్తుపట్టాడు. రాళ్లపల్లి ఈ జిల్లా మనిషి. కేంబ్రిడ్జి నుంచి వచ్చినవాడు వేదిక కట్టాడు. ఊళ్లో పుట్టి సంస్కృతంలో, సంగీతంలో ఆరితేరినవాడు ఆ వేదిక మీద తన నేల కవిని గురించి మాట్లాడాడు. తిరిగి రావడం ఒంటరి మనిషి హృదయంలో జరిగే పని కాదనడానికి ఇది సాక్ష్యం. బయటి చదువుకూ లోపలి ఎరుకకూ మధ్య లావాదేవీ జరిగిన రోజున కట్టమంచి చదువు ఒక అడుగు అనంతపురానికి వచ్చింది. దాన్ని కాదనడం విమర్శ అనిపించుకోదు.

ఇదంతా పాత కథ, నేటి రచయితకు దీనితో ఏం పని అనవచ్చు. పని వుంది. 1946లో ఏర్పడిన ఇంజనీరింగు కళాశాల నుంచీ, తర్వాత పుట్టుకొచ్చిన కళాశాలల నుంచీ ఈ జిల్లా పిల్లలు అమెరికాకూ ఆస్ట్రేలియాకూ పై చదువులకు పోతూనే వున్నారు. వేరుశనగ పండని ఏడాది తండ్రి అమ్మిన పొలమూ, కుదువపెట్టిన ఇల్లూ ఆ విమానం టిక్కెట్టులో వున్నాయి. కొందరు అక్కడే స్థిరపడ్డారు. 2008 ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయి కొందరు వచ్చారు. వీసా దొరక్క కొందరు, తల్లిదండ్రుల కోసం కొందరు వచ్చారు. వచ్చినవాళ్లలో చాలామంది దిగేది బెంగుళూరులో. ఊరు పండుగకు వచ్చి పోయే చోటు అయింది. వాళ్లు లేని కాలంలో ఊరు ఊరికే కూర్చోలేదు. 2012లో హంద్రీ–నీవా కాలువతో కృష్ణ నీళ్లు జీడిపల్లికి వచ్చాయి. నంబులపూలకుంటలో వేల ఎకరాల మీద సౌర ఫలకాలు పరిచారు. పెనుకొండ పక్కన కార్ల కర్మాగారం లేచి 2019లో కార్లు బయటికి పంపింది. 2022లో జిల్లాయే రెండుగా విడిపోయింది. తిరిగి వచ్చినవాడు వెతుక్కునే ఊరు అతడి జ్ఞాపకంలోనే వుంది. నేల మీద వున్నది వేరే ఊరు.

ఈ నేలను మన కథకులు వదిలిపెట్టలేదు. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, శాంతి నారాయణ, బండి నారాయణస్వామి కరువునూ కులాన్నీ రైతు అప్పునూ తెలుగు కథలోకి తెచ్చారు. నారాయణస్వామి 'శప్తభూమి' హండే రాజుల నాటి అనంతపురాన్ని కింది కులాల జీవితాల మీదుగా తిరిగి చదివింది. 2019లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చెరువులూ పాలెగాళ్లూ బలులూ వున్న పాత చరిత్రను ఈ జిల్లా రచయితే మళ్లీ చేతికి తీసుకున్నాడన్న మాట. ఊళ్లో వుండిపోయినవాడి కథ ఇంత ఎదిగింది. పోయి వచ్చినవాడి కథ మాత్రం ఇంకా ముద్ద దగ్గరా, ముసలి తల్లిదండ్రుల ఒంటరితనం దగ్గరా తచ్చాడుతోంది. కదిరి వైపు నుంచి కువైట్‌కు ఇంటి పనికి పోయి వచ్చే ఆడవాళ్లు స్వదేశంలో ఎలా ఇమిడారని ఎవరైనా అడిగారా? ఇమడకపోవడం కూడా చదువుకున్నవాడికే దక్కిన హక్కు అయిపోయింది.

కొత్తగా రాసేవాళ్లు తిరిగి వచ్చినవాణ్ణి కథలోకి తెచ్చేటప్పుడు అతడి బెంగను రాయవద్దని ఎవరూ అనరు. బెంగ నిజమే. కానీ దానితో పాటు అతడి చదువుకు ఎవరు కట్టారో రాయండి: ఏ పొలం, ఏ అప్పు, ఏ చెల్లెలి ఆగిపోయిన చదువు. ముసలమ్మకు ఇవాళ అలాంటి రూపాలే వున్నాయి. ఇంట్లో ఒకడు పైకి పోవడానికి ఎవరో ఒకరు నీళ్లలోకి నడుస్తూనే వున్నారు, మనం దాన్ని త్యాగం అంటూనే వున్నాం. అతడికి ఏం తెలుసో రాయండి. భూగర్భ జలాల లెక్కలు చదివినవాడు తండ్రి వేయించిన ఏడో బోరు ముందు నిలబడి ఏమీ మాట్లాడకపోతే, ఆ మౌనం కథావస్తువు. కౌలు ఒప్పందం చదవగలిగినవాడు సౌర కంపెనీకి భూమి ఇచ్చే పక్కింటి రైతుకు ఆ కాగితం చదివి వినిపించకపోతే, అది ఇంకా పెద్ద వస్తువు.

సాహిత్య విద్యార్థులకు చెప్పవలసింది కూడా ఇదే. 'ముసలమ్మ మరణము'ను పాఠ్యగ్రంథంగా చదివినప్పుడు కరుణ రసం, ఛందస్సు, తొలి ఆధునికత అని పరీక్షకు రాసి ఊరుకోకండి. దాని పక్కన 'కవిత్వతత్త్వ విచారము' పెట్టి, కవి వేసిన ప్రశ్నలనే కవి కావ్యానికి వేసి చూడండి. సూరనను అడిగినంత నిర్దాక్షిణ్యంగా అడగండి. కవి చెయ్యకుండా వదిలేసిన ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. అందుకు ఓడ ఎక్కనక్కరలేదు. అనంతపురం బస్టాండు నుంచి బుక్కరాయసముద్రానికి బస్సులో పోయేంత దూరమే వుంది.